పొద్దుటి జారుడు

బల్ల అంచున స్కేలు పెట్టి, సగం బయటికి వదిలి, కొసను వేలితో మీటితే టుర్రుమంటుంది. అదే కొసకు రబ్బరు ముక్క అంటించి మీటితే ఆ టుర్రు బరువెక్కి మందగిస్తుంది. ఆఖరి బెంచీ పిల్లలందరికీ తెలిసిన ఆటే ఇది. సెందాయ్ ఊరి పడమటి కొండ మీద, చిగుసా పనిచేసే ప్రయోగశాలలో చేసేదీ అదే ఆట. కాకపోతే అక్కడి స్కేలు సిలికానుది, తలవెంట్రుక కన్నా పలచన. దాని కొసన కూర్చునే రబ్బరు ముక్క ఒక రక్తకణం.

అక్కడివాళ్లు దాన్ని నాలిక అనేవారు. నాలిక లోపల బోలు. ఆ బోలులోంచి సన్నగా ద్రవం పారుతుంటుంది. దాంతోపాటు కొట్టుకొచ్చిన కణం కొసనున్న గుంటలో చిక్కుకుని కూర్చుంటుంది. నాలిక కంటికి ఆనకుండా వణుకుతూనే ఉంటుంది. కణం లావెక్కుతున్న కొద్దీ ఆ వణుకు నెమ్మదించి, తెర మీద గీత కిందికి దిగుతుంది. కణం పెరగడం మానేస్తే గీత చదునుగా సాగుతుంది. ఏ తక్కెడా తూచలేని బరువును ఆ గీత అలా తూచి చెబుతుంది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆ గుంటలో కూర్చున్న కణం చిగుసా కూతురిది.

సయోకి అప్పటికి ఏడాది నిండలేదు. పాకడం రాకముందే రక్తంలో కాన్సర్ వచ్చింది. మొదటి వైద్యానికి తగ్గింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఆకులు రాలే కాలానికి మళ్లీ తిరిగొచ్చింది. డాక్టర్ షోజి మెత్తగా మాట్లాడే మనిషే గాని మెలికలు తిప్పే మనిషి కాదు. "రెండు మందులు మిగిలాయి," అన్నాడు. "రెండూ కలిపి ఇవ్వలేం, ఈ ఒళ్లు తట్టుకోదు. ఒకటి ఇచ్చి, అది పట్టుకోకపోతే రెండోదానికి పిల్లలో ఓపిక ఉంటుందో ఉండదో. ఏది పట్టుకుంటుందని అడిగితే నా దగ్గర జవాబు లేదమ్మా. నాణెం ఎగరేసినట్టే."

ఆ మాట చిగుసా ప్రయోగశాలలో చెబుతుంటే విన్నది ఒనొదెరా. ఆ గదులన్నింటికీ పెద్ద ఆవిడ. అందరూ ఆవిడను సెన్సెయ్ అనే, అంటే గురువుగారనే, పిలుస్తారు. లేచి వెళ్లి, ఆసుపత్రి వాళ్లతో మాట్లాడి, అనుమతులు తెచ్చింది. మందు కలిపిన ద్రవంలో సయో కణాన్ని కూర్చోబెట్టి చూస్తారు. పెరగడం ఆగితే ఆ మందు పనిచేస్తున్నట్టు. కణాలు బయట ఒక పూట కన్నా బతకవు, పూటకు ఒక మందునే చూడగలరు. కాబట్టి ముందు మొదటిది. అది పట్టుకుంటే రెండోదానితో పని లేదు.

"నువ్వు మాత్రం చేయకూడదు చిగుసా," అంది సెన్సెయ్. "నీ బిడ్డ. చేయి వణుకుతుంది."

"నా చేయి ఎప్పుడు వణికింది సెన్సెయ్?"

"కన్నో గారు చేస్తారు."

కన్నో అక్కడే టీ కలుపుకుంటున్నాడు. ఉద్యోగం నుంచి దిగిపోవడానికి దగ్గరపడ్డ మనిషి, నోరు ఊరుకోదు. "నన్ను లాగకండమ్మా ఇందులోకి. నేను చేస్తే ఈ అమ్మాయి నా భుజం మీదెక్కి ఊపిరి వదుల్తుంటుంది. ఆ గాలికే నాలిక ఊగిపోతుంది. తన చేతికే ఇచ్చేయండి, బయటుంటే చచ్చిపోయేలా ఉంది."

"బయట కుర్చీలో కూర్చోలేను సెన్సెయ్. అంతే," అంది చిగుసా. "నాకు పెద్ద చదువు లేదు, మీరు చెప్పే లెక్కలు నాకు సగమే ఎక్కుతాయి. కానీ నాలికని పట్టుకోవడం వచ్చు."

అది నిజమే. పదిహేడో ఏట, నాన్న పక్షవాతంతో పడిపోతే సాంకేతిక బడి మానేసి, ఇక్కడ శుభ్రమైన గదుల్లో నేల తుడిచే పనికి చేరింది. తుడుస్తూ చూసింది, చూస్తూ నేర్చుకుంది. ఇప్పుడు నాలికల్ని చెక్కే పనిలో, కడిగే పనిలో, కొలిచే పనిలో ఆమె చేయి ఉంటుంది. ఆ గదుల్లోకి పౌడరు రాసుకుని రాకూడదు, సెంటు కొట్టుకోకూడదు, చేతులకు క్రీము కూడా పనికిరాదు. చలికాలం వచ్చేసరికి చిగుసా చేతులు చెట్టు బెరడులా పగిలిపోయేవి. సయో చెంప నిమిరితే పిల్ల మొహం ముడిచేది.

సెన్సెయ్ సరేనంది.

ఏ నాలికను వాడాలన్నది చిగుసా ముందే అనుకుంది. ఒక్కో చిప్ మీద రెండు నాలికలు పక్కపక్కన ఉంటాయి, కవలల్లాగా. ఒకదాంట్లో కణం కూర్చుంటుంది. రెండోది ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉండడమే దాని ఉద్యోగం. గది వేడెక్కితే రెండూ వేడెక్కుతాయి, రెండూ కలిసి జారతాయి. ఖాళీది ఎంత జారిందో అంత కణం ఉన్నదాంట్లోంచి తీసేస్తే, మిగిలింది కణం బరువు.

చిగుసా తీసిన చిప్ మీద ఆ ఖాళీ నాలిక లేదు. కడిగేటప్పుడే విరిగిపోయింది. మిగిలిన ఒక్క నాలిక మాత్రం ఆ ప్రయోగశాలలోకెల్లా నిలకడైనది, దాని గీతకు గరుకు ఉండేది కాదు. అదొక్కటే కారణమూ కాదు. సయో కడుపులో ఏడో నెలప్పుడు, తెల్ల సూటు జిప్పు పొట్ట మీద పడక కన్నో గారు దుప్పటి చుట్టుకోమని ఎగతాళి చేసిన రోజుల్లో, సెలవు మీద వెళ్లేముందు ఆఖరిగా తయారు చేసిన నాలిక అది. లోపలి నుంచి సయో తన్నుతుంటే ఊపిరి బిగబట్టి దాన్ని కడిగింది. పిల్లా, నాలికా తన చేతిలో ఒకే కాలంలో రూపు కట్టాయి. ఒకదాన్ని ఇంకొకటి మోసం చేయదని ఆమెకు ఎందుకో నమ్మకం.

జంట విరిగిన చిప్‌లతో పనిచేయడం అక్కడ కొత్తేమీ కాదు. అందరూ చేసేదే. ముందురోజు అవే గంటల్లో నాలికను ఖాళీగా నడిపి చూస్తారు. ఆ కొలత గది పాతది. చలికాలం పొద్దున్నే భవనానికి వేడి వదిలితే మధ్యాహ్నం దాకా మెల్లగా వెచ్చబడుతుంది. వెచ్చబడితే సిలికాను రవ్వంత మెత్తబడి వణుకు తగ్గి, గీత జారుతుంది. కణం ఉన్నా లేకపోయినా జారుతుంది. పేపరువాడు వచ్చినంత నమ్మకంగా రోజూ వచ్చే ఆ జారుడికి పొద్దుటి జారుడు అని పేరు పెట్టుకున్నారు. ముందురోజు జారుడును మర్నాటి గీతలోంచి తీసేయడం వాళ్లకు గుమ్మంలో చెప్పులు విడవడం లాంటిది. ఎవరూ దాని గురించి ఆలోచించరు.

ఆ ఉదయం సెన్సెయ్ టోక్యో వెళ్లింది. కన్నో కింద శుభ్రపు గదిలో ఉన్నాడు. చిగుసా ఒక్కతే మేడ మీది కొలత గదిలో కూర్చుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన గొట్టంలోంచి బొట్టు తీసి, మందు కలిపిన ద్రవంలో వదిలింది. కణాలు ఒకదాని వెంట ఒకటి నాలికలోకి కొట్టుకొచ్చాయి. ఒకటి గుంటలో చిక్కుకుంది. గీత ఒక్కసారి కిందికి కుంగి నిలిచింది.

"కూర్చున్నావా తల్లీ," అంది చిగుసా తెరతో.

చేతి తొడుగుల్లో అరచేతులు చెమటతో తడిసిపోయాయి. వీపు మీదినుంచి చెమట కారింది. ఒక్కసారి కూడా లేవలేదు, మంచినీళ్లు తాగలేదు. గీత మెల్లగా, ఓపిగ్గా జారుతూ వచ్చింది. ఆమెకు భయం వేయలేదు. నిన్న ఖాళీ నాలికా ఇలాగే జారింది కదా. మధ్యాహ్నం అయ్యాక మీట నొక్కి నిన్నటి జారుడు తీసేసింది.

గీత చాప పరిచినట్టు చదునైపోయింది.

చిగుసా ఆ చదునును చాలాసేపు చూసింది. తర్వాత వరండాలోకి వచ్చి మొగుడికి ఫోన్ చేసింది. తొమోయా షియొగామా రేవు నుంచి ఊళ్లోకి చేపలు తోలే వ్యాను నడుపుతాడు.

"ఆగింది," అంది.

"ఏంటి ఆగింది?" అన్నాడు తొమోయా. "ఏమే, ఏం ఆగింది? సరిగ్గా చెప్పు."

"పెరగడం ఆగింది. మందు పట్టుకుంది."

అవతల్నుంచి కాసేపు వ్యాను మోత మాత్రమే వినబడింది. తర్వాత అదీ ఆగింది. "పక్కకి తీశాను," అన్నాడు. "చేపల పెట్టెల్లో ఐసు కరిగిపోతుంది, కరగనీ. నేను కాసేపు ఏడవాలి. నువ్వు పెట్టెయ్."

మర్నాడు సెన్సెయ్ వచ్చి గీత చూసింది. "దీని జంట?"

"విరిగింది సెన్సెయ్. ముందురోజు జారుడు తీసేశాను."

"మంచిది," అంది సెన్సెయ్. డాక్టర్ షోజికి తానే ఫోన్ చేసింది. ఆ వారమే మొదటి మందు మొదలుపెట్టారు.

సయోకి జ్వరం దిగింది. గంజి రెండు చెంచాలు ఎక్కువ తాగింది. నర్సు ముక్కు పట్టుకుని లాగింది. పుట్టినరోజు దగ్గరపడుతుంటే, రెండు రాత్రులు ఇంటికి తీసుకెళ్లి తీసుకురండి అన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే చిగుసా అత్తగారు యొరికో పుట్టినరోజు మోచి చేయమని కొట్లో చెప్పి వచ్చింది. దంచిన అన్నంతో చేసిన తెల్లటి పెద్ద ముద్ద. ఏడాది నిండిన బిడ్డ వీపుకు గుడ్డలో చుట్టి కడతారు.

"సగం బరువుది కూడా చేస్తారట అత్తయ్యా, పిల్లకు ఒంట్లో బాగాలేదని చెబితే."

"సగం పుట్టినరోజు చేస్తున్నామా ఏంటి? నా కొడుక్కి నిండుది కట్టాను. బోర్లా పడి ముక్కు చితక్కొట్టుకున్నాడు. చూడు, ఏం తక్కువైందో."

"ముక్కు వంకరగానే ఉందిగా."

"అందుకే నీ దాకా మిగిలాడు. లేకపోతే ఎవత్తో ఎప్పుడో ఎగరేసుకుపోయేది."

తొమోయా ముక్కు తడుముకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆ ఇంట్లో నెలల తర్వాత నవ్వు వినబడింది.

మోచి కట్టేదే పిల్ల పడడానికి. బరువుకు కూలబడి, ఏడ్చి, అందరూ చప్పట్లు కొట్టి ఎత్తుకుంటే ఆ పిల్ల ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుందని వాళ్ల నమ్మకం. ఎప్పుడైనా ఒక మొండిఘటం నిలబడితే పెద్దవాళ్లు వేలితో మెల్లిగా తోసి పడేస్తారు. నిలబడ్డ పిల్ల తొందరగా ఇల్లు వదిలిపోతుందట.

సయో ఊలు టోపీ కింద తల నున్నగా ఉంది. ఎర్రగుడ్డ మూట వీపుకు కట్టి చాప మీద కూర్చోబెట్టారు. పిల్ల కాసేపు వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఎవరు చేరారా అన్నట్టు. తర్వాత పొట్టి బల్ల అంచు పట్టుకుంది. మోకాళ్లు వణుకుతూ లేచింది. లేచి, బల్ల వదిలేసింది.

పిల్ల అంతకు ముందెప్పుడూ పట్టు లేకుండా నిలబడలేదు.

"నిలబడిందే," అన్నాడు తొమోయా.

"నిలబడకూడదు. తోసెయ్ చిగుసా," అంది యొరికో, నవ్వుతూనే. "వేలితో, మెల్లిగా. వెనకాల దిండు ఉందిలే."

చిగుసా పగిలిన వేళ్లు చాచి ఎర్రగుడ్డను తాకింది. గుడ్డ కింద మోచి మెత్తగా ఉంది. ఆ బరువు వెనక పిల్ల వీపు తీగలా బిగుసుకుని వణుకుతోంది. ఆమెకు చేయి రాలేదు.

"నిలబడనివ్వండి అత్తయ్యా. ఎన్ని సూదులు తిని నిలబడిందో."

"ఏదో, మీ కాలం పిల్లలు," అంది యొరికో. తొమోయా ఫోటోలు తీశాడు. సయో పడలేదు. తనకు తోచినప్పుడు, తనంతట తాను, మర్యాదస్తురాలిలా కూర్చుంది.

మర్నాడు పిల్లను ఆసుపత్రిలో దింపి, మిగిలిన మోచిని ముక్కలు కోసి ప్రయోగశాలకు పట్టుకొచ్చింది చిగుసా. భోజనాల గదిలో కాల్చి, సోయా రాసి అందరికీ పెట్టింది. కిటికీలోంచి కింద పనివాళ్లు వేడి యంత్రం పెద్ద గొట్టాన్ని మోసుకెళ్లడం కనబడుతోంది.

"అదిగో, ఇప్పుడొచ్చారు దొరలు," అన్నాడు కన్నో నోట్లో సాగుతున్న మోచిని లాక్కుంటూ. "నీ కూతురి కొలత రోజు రమ్మని మొత్తుకుంటే ఇవాళ తీరింది. ఆ రోజు నేను సూటు కింద మా ఆవిడ స్వెట్టరు కూడా తొడుక్కున్నానంటే నమ్ముతావా. గులాబీరంగుది. ఎవరికీ చెప్పకు."

"ఏ రోజు?"

"చెప్పానుగా, నీ కొలత రోజు. పొద్దున్నే యంత్రం చచ్చింది, మధ్యాహ్నం భోజనాలయ్యాక గాని వేడి రాలేదు. నువ్వు పైనే ఉన్నావుగా? మూడు గంటలు మంచుగడ్డలో కూర్చుని నీకు తెలీలేదా?"

చిగుసా నోట్లో మోచి నోట్లోనే ఉండిపోయింది.

తెలీలేదు. ఆ రోజు ఆమెకు చలి తెలీలేదు. చెమట కారింది. వీపు మీద కారిన చెమట ఆమెకు ఇంకా గుర్తుంది.

"ఏమైందమ్మాయ్? గొంతుకు అడ్డం పడిందా? నీళ్లు తాగు."

చిగుసా లేచింది. మేడ మెట్లెక్కి కొలత గదిలోకి వెళ్లింది. గది గోడ మీద ఉష్ణోగ్రత మీటరు ఉంది, దాని అంకెలు కూడా కంప్యూటర్లోనే పడుతుంటాయి. రోజూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరూ తెరిచి చూడరు. చిగుసా తెరిచింది. ఆ ఉదయం గీత గడ్డకట్టిన కాలవలా, ఎక్కడా లేవకుండా, ఇటు నుంచి అటు దాకా ఉంది.

గది వెచ్చబడలేదు. వెచ్చబడకపోతే పొద్దుటి జారుడు లేదు. మరి ఆ రోజు జారిందేమిటి?

మీట నొక్కి, తాను తీసేసిన జారుడును తిరిగి గీతలో కలిపింది. గీత దిగడం మొదలుపెట్టింది. తొందర లేదు, తడబాటు లేదు, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఒక్క తీరుగా దిగింది. కణం తింటూనే ఉంది. మందులో కూర్చుని, హాయిగా తింటూ, లావెక్కుతూనే ఉంది. ఆ సంగతి నాలిక చెబుతూనే ఉంది. తన వేలితో తానే దాని నోరు మూసింది.

తెర ముందు కూర్చున్న చిగుసాకు ఒక ఆలోచన వచ్చింది. ఇది ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఇంకొన్నాళ్లు తొమోయా వ్యానులో ఈల వేసుకుంటాడు. అత్తయ్య ఆ ఫోటోను చుట్టుపక్కల వాళ్లందరికీ చూపిస్తుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా వచ్చిందో, అంత వెంటనే సయో ఒంట్లోకి సూది వెంట దిగుతున్న మందు కళ్లముందు మెదిలింది. పని చేయని మందు. పిల్ల జుట్టునూ ఆకలినీ తినేసి, ఆ కణాన్ని మాత్రం ముట్టని మందు.

ఆమె కిందికి వచ్చి సెన్సెయ్ గది తలుపు తట్టింది.

విన్నాక సెన్సెయ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నన్ను చూడనీ," అంది. చూసింది. చూసిందే మళ్లీ చూసింది. "నేనైనా అదే తీసేసేదాన్ని చిగుసా. ఇన్నేళ్లుగా తీస్తూనే ఉన్నాం. ఆ రోజు నేను ఉన్నా తీసేదాన్నే."

"కానీ మీరు తీయలేదు సెన్సెయ్. నేను తీశాను."

సెన్సెయ్ ఫోన్ తీసుకుని డాక్టర్ షోజికి చేసింది. పిల్ల ఇంటి నుంచి రాగానే తీసిన రక్తం ఫలితం అప్పుడే తన ముందుకు వచ్చిందనీ, అదీ బాగాలేదనీ అన్నాడు డాక్టరు. సాయంత్రం మిమ్మల్ని పిలిచి మాట్లాడదామనుకున్నా అన్నాడు. రెండో మందును తూచి చూడండి, అది పట్టుకునేలా ఉంటే ఎలాగోలా ఇద్దాం, అన్నాడు.

ఈసారి రెండు నాలికలూ బతికున్న చిప్ తీశారు. గదిలో వేడి పొద్దున్నే వచ్చిందో లేదో సెన్సెయ్ తానే చేయి పెట్టి చూసింది. కణాన్ని కూర్చోబెట్టింది కన్నో. చిగుసా బయట కుర్చీలో కూర్చుంది. కూర్చోలేనన్న కుర్చీయే. చేతులు ఒళ్లో పెట్టుకుని, పగుళ్ల మీది తోలు గిల్లుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నానికి కన్నో తలుపు తీశాడు. "రా అమ్మా," అన్నాడు. అంతే, ఎగతాళి లేదు. ఆ మనిషి గొంతులో ఎగతాళి లేకపోవడం ఆమె మొదటిసారి వినడం. ఆమెకు అక్కడే తెలిసిపోయింది.

తెర మీద రెండు గీతలు. గదితో పాటు రెండూ జారాయి. ఖాళీ నాలిక ఎంత జారిందో అంతా తీసేశాక, ఖాళీది చదునుగా ఉంది. కణం ఉన్నది దిగుతోంది.

"ఇంకో కణాన్ని చూద్దాం," అన్నాడు కన్నో. ఇంకోటి కూర్చోబెట్టాడు. అదీ దిగింది. "ఒక్కోసారి మొండివే ముందొస్తాయి. ఇంకోటి చూద్దామా?"

"వద్దు కన్నో గారూ," అంది చిగుసా. "ఖాళీది కదలట్లేదు."

సెన్సెయ్ ఆమె భుజం మీద చేయి వేసింది. ఆ చేయి కూడా పగిలి ఉంది.

చిగుసాకు ఏడవడానికి కూడా దారి దొరకలేదు. మొదటిరోజే గీతను సరిగ్గా చూసి ఉంటే ఈ మందే ఇచ్చేవాళ్లు, ఇదీ పని చేసేది కాదు. తన తప్పు వల్లే పిల్ల పోతోందని గుండెలు బాదుకుందామంటే, ఆ తప్పు పిల్ల ప్రాణానికి అడ్డు రాలేదు, దాన్ని కాపాడనూ లేదు. ఉత్తి పుణ్యానికి పిల్లకు నాలుగు వాంతులు ఇచ్చింది, ఒక పుట్టినరోజు ఇచ్చింది. ఆ రెంటినీ ఎదురెదురుగా పెట్టి తూచే నాలిక ఏదీ లేదు.

కన్నో అలవాటు కొద్దీ శుభ్రమైన నీళ్లు వదిలాడు. కణం గుంటలోంచి లేచి కొట్టుకుపోయింది. గీత ఎగిరి, పొద్దున ఎక్కడుందో అక్కడికే వెళ్లి నిలబడింది. బరువు దిగగానే నాలికకు ఏమీ గుర్తుండదు. ఎవరు కూర్చున్నారో, ఎంతసేపు కూర్చున్నారో ఏమీ ఉండదు. మంచి నాలిక అంటే అదే, అలా తిరిగొస్తేనే ఇంకోసారి వాడతారు. చిగుసా ఆ గీతను అసూయగా చూసింది.

ఆసుపత్రికి వెళ్లేసరికి పొద్దు ఇంకా ఉంది. వరండా బల్ల మీద యొరికో కూర్చుని ఉంది. డాక్టరు అప్పటికే తొమోయాతో మాట్లాడాడు. ఇక పిల్లకు నొప్పి తెలియకుండా చూసుకోవడమేనని చెప్పాడు. ఎన్నాళ్లని తొమోయా అడగలేదు, డాక్టరు చెప్పలేదు.

చిగుసా అత్తగారి పక్కన కూర్చుంది.

"ఆ రోజు తోసేసి ఉంటే," అంది యొరికో. అని, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "నా నోరు పడిపోను. నేనేమంటున్నాను. అనలేదు, నువ్వు వినలేదు."

"తోస్తే పడేది అత్తయ్యా. అంతే. పడి ఏడ్చేది."

"ఎంత ముచ్చటగా నిలబడిందే," అంది యొరికో. ఆ మాటతో ఆవిడ కుప్పకూలినట్టు వంగిపోయింది. చిగుసా ఆవిడ వీపు మీద చేయి వేసింది. వేసిన చేయి తీయలేదు.

గదిలో సయో మేలుకునే ఉంది. నర్సు బరువు తూచే బల్లను తోసుకుంటూ వచ్చింది. రోజూ ఇదే వేళకు తూస్తారు, గోడ మీద రాస్తారు. "రా బంగారం, ఇవాళ ఎంతున్నావో చూద్దాం."

"ఇవాళ్టికి వద్దండి," అంది చిగుసా.

నర్సు ఆమె మొహం చూసి బల్లను వెనక్కి తోసుకుపోయింది.

చిగుసా సంచిలోంచి మోసే పట్టీ తీసింది. వంగింది. తొమోయా పిల్లను ఎత్తి ఆమె వీపు మీద ఆనించాడు. పట్టీ భుజాల మీదుగా తెచ్చి, రొమ్ము మీద అడ్డంగా తిప్పి, నడుము దగ్గర ముడేసింది. సయో చెంప మెడ వెనక ఆనింది. వెచ్చగా ఉంది. చిన్న చేయి ఒకటి ముందుకొచ్చి చిగుసా కాలరు పట్టుకుంది.

వరండా ఆ చివర కిటికీ దాకా నడిచింది. అక్కణ్నుంచి దూరంగా కొండ మీది మంచు కనబడుతోంది. మళ్లీ వెనక్కి నడిచింది. మళ్లీ కిటికీ దాకా. తొమోయా పక్కనే నడిచాడు.

ఏళ్లుగా ఎంతెంత చిన్న బరువుల తేడానో పట్టుకోవడం ఆమెకు అలవాటైన పని. ఇప్పుడు ఆమెకు ఏ తెరా అక్కర్లేదు. నిన్న ఎత్తుకున్నప్పటికీ ఇవాళ్టికీ ఉన్న తేడా భుజాల మీద పట్టీ నొక్కిన చోటే తెలుస్తోంది. ఆ తేడాలోంచి తీసేయడానికి ఏమీ లేదు. గది వెచ్చబడలేదు. ఎవరి చేయీ వణకలేదు.

"ఇలా ఇయ్యి," అన్నాడు తొమోయా మెల్లిగా. "చాలాసేపట్నుంచి మోస్తున్నావు. బరువుగా ఉండి ఉంటుంది."

చిగుసా పట్టీని కాస్త పైకి లాక్కుంది.

"బరువే," అంది. "ఇంకాసేపు ఉండనీ."